ఏమీ చెయ్యని డిష్‌లు

నా ఛాతీలోంచి తీసిన క్యాన్సరు కణాలు నాకంటే ఆరోగ్యంగా ఉన్నాయని నాకు చెప్పింది మా మేనకోడలు. చెప్పాక నాలుక కరుచుకుంది. నేను నవ్వాను. మావారు మాత్రం నవ్వలేదు. బైండింగు చేస్తున్న కాగితాల కట్ట పక్కన పెట్టి, షాపు బయటికి వెళ్ళి రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు.

మాది జిరాక్సు షాపు. ఎదురుగా కోర్టు ఉండబట్టి పనికి కొదవ లేదు. రెండు మిషన్లు. ఒకటి కొత్తది. రెండోది మా పెళ్ళినాటిది కాకపోయినా దాని మొండితనం అప్పటిదే. వెనక గోడకి ఆనించి లామినేషన్ మిషను ఉంటుంది. కౌంటరు దగ్గర నేను, బైండింగు బల్ల దగ్గర ఆయన. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు నేను తీరుస్తుంటాను.

మేనకోడలంటే మా అన్నయ్య కూతురు. అన్నయ్యవీ వదినవీ బదిలీల ఉద్యోగాలు కావడంతో దాని చదువంతా మా ఇంట్లోనే సాగింది. మాకు పిల్లల్లేరు కాబట్టి దాని మీద మేం చలాయించే హక్కు కొంచెం ఎక్కువే. దాన్ని ఇంట్లో అందరం తొందరమ్మ అంటాం. నెలలు నిండేదాకా ఆగలేక ముందే పుట్టేసింది. పరీక్షల్లో ప్రశ్న సగం చదివి జవాబు రాసేసేది. మిగతా సగం ఇంటికొచ్చాక నేను చదివి వినిపిస్తే గొల్లుమనేది. ఇప్పుడు పెద్ద ల్యాబులో ఊపిరితిత్తుల క్యాన్సరు మీద పరిశోధన చేస్తోంది. అక్కడి హాస్టల్లోనే ఉంటూ సెలవు రోజున మా దగ్గరికి వస్తుంది.

నా జబ్బు చూసి ఆ చదువు ఎంచుకుందా అని కొందరు గొంతు తగ్గించి అడుగుతుంటారు. లేదు. అది ఆ పని మొదలుపెట్టిన చాలా కాలానికి నాకు జబ్బు వచ్చింది. దానికి చేతినిండా పని కల్పించడానికే తెచ్చుకున్నానని ఒకసారి అంటే, ఆయన రోజంతా నాతో మాట్లాడలేదు. మామూలు రోజుకీ దానికీ పెద్ద తేడా నాకు తెలియలేదనుకోండి.

జబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. దగ్గు వచ్చింది, పోలేదు. మిషన్లో వేసే టోనరు పొడి పడక అనుకున్నాం. తర్వాత షట్టరు ఎత్తితే ఆయాసం రావడం మొదలైంది. ఎక్స్‌రేలో ఛాతీలో నీరు కనిపించింది. ఆ నీటిని సూదితో తీసి పరీక్షకి పంపితే క్యాన్సరు అన్నారు. సిగరెట్లు కాల్చేదానివా అని అడగని మనిషి లేడు. లేదని చెప్పీ చెప్పీ విసుగెత్తి, రోజుకో పెట్టె అని చెప్పడం మొదలుపెట్టాను. అది వింటే వాళ్ళ మనసులు కుదుటపడేవి. మొదట మాత్రలు ఇచ్చారు. బాగా పనిచేశాయి. దగ్గు పోయింది, షట్టరు మళ్ళీ నేనే ఎత్తాను. కొన్నాళ్ళకి జబ్బు ఆ మాత్రలకి అలవాటు పడిపోయింది. మళ్ళీ నీరు చేరింది.

ఆ రెండోసారి నీరు తీసినప్పుడు, అందులో కొంత పరిశోధనకి ఇస్తారా అని అడిగారు. ఎలాగూ పారబోసేదే కదా, తీసుకోమన్నాను. సీసా మీద పేరుండదు, నంబరు మాత్రమే వేస్తారట. కానీ ఆ వారం వాళ్ళ ల్యాబుకి వెళ్ళిన సీసా అదొక్కటే. ఎవరిదో కనుక్కోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అక్కడ అందరికీ అవి ‘అత్తవి’ అయిపోయాయి. అత్తవాటికి మేత మార్చారా, అత్తవి ఎంతవరకు వచ్చాయి అని రోజూ ఒకళ్ళనొకళ్ళు అడుగుతుంటారట. డిష్‌లో కణాలు పెరగడం వాళ్ళకి మంచివార్త. పెరిగితేనే కదా పని సాగేది. అందుకే అవి నాకంటే ఆరోగ్యంగా ఉన్నాయన్న మాట అంత సంతోషంగా దాని నోట్లోంచి జారింది.

అవి ఎందుకు అలా ఆపకుండా పెరుగుతాయని అడిగాను. మొదట ఇంగ్లిషులో ఏదేదో దంచింది. నా మొహం చూసి, నాకు ముక్క అర్థం కాలేదని తెలుసుకుని, షాపంతా ఒకసారి కలయజూసింది. ప్రతి కణంలోనూ అసలు దస్తావేజు ఒకటి బీరువాలో భద్రంగా ఉంటుందట. అది బయటికి రాదు. ఏదైనా పని జరగాలంటే అందులో ఆ ఒక్క పేజీకి జిరాక్సు తీసి బయటికి పంపుతారు. ఆ కాపీ పేరే ఆర్‌ఎన్‌ఏ. కాపీ చదివి పని చేస్తారు, పనయ్యాక చించేస్తారు. ‘పెరుగు, రెండుగా చీలు’ అని ఉన్న కాపీలనైతే మరీ త్వరగా చించెయ్యాలి, లేకపోతే కొంప మునుగుతుంది. ఈ కాపీలకి అంటుకునే ప్రోటీన్లు చాలా ఉన్నాయి. కొన్ని అంటుకుని చింపిస్తాయి. కొన్ని అంటుకుని చిరగకుండా కాపాడతాయి. తను చూస్తున్న ప్రోటీన్ రెండో రకం. అది పట్టుకున్న కాపీ ఒక పట్టాన చిరగదు. దాన్ని కణం మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ మళ్ళీ మళ్ళీ పెరుగుతుంది.

“లామినేషన్ అన్నమాట,” అన్నాను.

ఆ మాట దానికి తెగ నచ్చింది. ఆ మర్నాటినుంచి ల్యాబులో ఆ ప్రోటీన్‌కి అదే పేరు స్థిరపడింది. అది లేకుండా చేస్తే నా కణాలు ఏమవుతాయో చూడబోతున్నామంది.

మరి ఆ దుర్మార్గపు ప్రోటీన్ బయటినుంచి నాలోకి ఎలా దూరిందని అడిగాను. దూరలేదట, మనదేనట. తల్లి కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు దానికి ఊపిరి సలపనంత పని ఉంటుంది. పుట్టాక చాలామటుకు నోరు మూసుకుని ఊరుకుంటుంది. కొందరి క్యాన్సర్లలో మళ్ళీ నోరు తెరుస్తుంది. ఎందుకు తెరుస్తుందంటే, అదే వెతుకుతున్నాం అంది. నాకు ఒళ్ళు మండింది. తిట్టుకోవడానికైనా బయటివాడొకడు ఉంటే బాగుండేది.

ఒకసారి నన్నూ ఆయన్నీ ల్యాబుకి తీసుకెళ్ళింది. చెప్పులు బయట విడిపించి, పొడుగు కోట్లు తొడిగించింది. ఆయన కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, చేతులు జేబుల్లో పెట్టుకోవచ్చో లేదో తెలియక గాల్లో ఉంచుకున్నారు. చిన్న ఫ్రిజ్జులాంటి పెట్టె తలుపు తీసి చూపించింది. లోపల మాత్రం ఒంటి వేడి. అరల్లో వరసగా గుండ్రటి ప్లాస్టిక్ డిష్‌లు, వాటిలో మేతగా పోసే ఎర్రటి ద్రవం. ఒక డిష్ తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, ఇవి నీవే చూడు అంది. ఒకదానికొకటి ఆనుకుని, అంచులు మెరుస్తూ, చోటు చాలక తోసుకుంటున్నాయి. అసహ్యం వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. నా ఒంటినే నేను ఎరగని చోటనుంచి చూస్తున్నానని మాత్రం అనిపించింది. ఆయన చూడనన్నారు.

మాత్రలు పనిచెయ్యడం మానేశాక డాక్టరు కీమో చెప్పాడు. కొన్ని వారాలకోసారి నరంలోకి ఎక్కించే మందు. దానివల్ల ఎంత లాభం అని ఆయన అడగలేక అడిగారు. డాక్టరు ఉన్నమాట చెప్పాడు. జబ్బు పూర్తిగా పోదు. చాలామందికి అదుపులోకి వస్తుంది, ఆయాసం తగ్గుతుంది, కాలం కలిసొస్తుంది. అయితే ఒంట్లో ఓపిక ఉండగానే మొదలుపెట్టాలి, ఆలస్యం చెయ్యొద్దు అన్నాడు.

నాకు భయం. దాచడానికేముంది. మా పక్క షాపులో టైపు చేసే ఆవిడ ఇలాగే కీమో ఎక్కించుకుంది. ఆవిడ జబ్బు వేరు, మందు కూడా వేరే అయ్యుండొచ్చు. కానీ నాకు గుర్తున్నది ఆవిడ చేతులు. చూడకుండా టకటకా అక్షరాలు కొట్టే ఆ చేతులు, చివరికి టీ గ్లాసు నిలబెట్టుకోలేక రెండు అరచేతుల మధ్య ఇరికించుకునేవి. అంతా అనుభవించి కూడా ఆవిడ దక్కలేదు. నావి కూడా కాగితాలతో బతికే చేతులే. డాక్టరుతో సరే అన్నాను, తారీఖు తీసుకున్నాను, ఆ తారీఖు రాకుండా ఉంటే బాగుండునని ఇంటికొచ్చి కోరుకున్నాను.

ఆ తారీఖు ఇంకా కొద్ది రోజులుందనగా, ఒక సోమవారం పొద్దున మేనకోడలు ఫోన్ చేసింది. కౌంటరు ముందు వకీళ్ళ గుమాస్తాలు కొంపలంటుకున్నట్టు తొందర పెడుతున్నారు. పాత మిషన్లో కాగితం ఇరుక్కుంది.

“అత్తా, నీవి చచ్చిపోయాయి,” అంది రొప్పుతూ. “లామినేషన్ లేకుండా చేశాం కదా, ఆ డిష్‌లలో ఒక్కటి కూడా మిగల్లేదు.”

చేతిలో కాగితాలు కౌంటరు మీద పెట్టేశాను. నిజమేనా అంటే, ఇప్పుడే మైక్రోస్కోపులో చూశానంది.

“అయితే అదే నాకూ ఇస్తారా?”

“చూద్దాం అత్తా,” అంది.

చూద్దాం అన్న మాట గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. కౌంటరు ముందు గిరాకీ చూద్దాం అంటే, మళ్ళీ రాడని అర్థం. మావారు చూద్దాం అంటే ఆ పని జరగదని అర్థం. డాక్టరు చూద్దాం అంటే ఇంకో స్కానింగు. ఇన్ని అర్థాలు తెలిసినదాన్ని, ఆ రోజు దాన్ని అవుననే విన్నాను. నాకు అలా వినాలని ఉంది, విన్నాను, అంతే.

ఆస్పత్రికి ఫోన్ చేసి, జలుబు చేసిందని చెప్పి తారీఖు వెనక్కి జరిపించాను. ఆయనతో మాత్రం డాక్టరే జరిపాడన్నాను. డిష్‌లో పనిచేసింది నాలో ఎందుకు పనిచెయ్యదు అనుకున్నాను. అవి నా కణాలే కదా, ఎవరివో కావు కదా. ఆ కొత్త తారీఖు కూడా దగ్గరపడితే, ఇంటినిండా చుట్టాలున్నారని చెప్పి మళ్ళీ జరిపించాను. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఈలోగా ఆయాసం పెరిగింది. షట్టరు ఎత్తడం ఆయన వంతైంది. వెల్లకిలా పడుకోలేక, వీపు వెనక దిండ్లు పేర్చుకుని కూర్చునే కునుకు తీసేదాన్ని. ఒంట్లో ఓపిక తగ్గేకొద్దీ నమ్మకం మాత్రం ఎక్కువైంది. గుమాస్తాలు ఏమిటమ్మా చిక్కిపోయావంటే, మా పిల్ల మందు తెస్తోందిలే అని గొప్పగా చెప్పుకున్నాను.

పిల్ల మాత్రం రాలేదు. ఒక సెలవుకి పనుందంది. ఆ తర్వాతి సెలవుకి తలనొప్పి అంది. ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేది. మందు తయారీలో మునిగిపోయిందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

చివరికి ఒక మధ్యాహ్నం చెప్పకుండా వచ్చింది. చేతిలో ఏమీ లేదు. కౌంటరు లోపలికి వచ్చి, ఆయన బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, గిరాకీ తగ్గేదాకా నోరు మెదపకుండా ఉంది. అది నోరు మెదపకుండా ఉండటం ఎప్పుడూ చూడనిదాన్ని కాబట్టి, మిషను ఆపేసి దాని ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

అప్పుడు చెప్పింది. వాళ్ళ పెట్టెలో పై అరలో ఉన్నవి లామినేషన్ తీసేసిన డిష్‌లు. కింది అరలో ఉన్నవి ఏమీ చెయ్యని డిష్‌లు. పోల్చుకోవడానికి ఎప్పుడూ అలా కొన్నిటిని ఏమీ చెయ్యకుండా ఉంచుతారు. పైవి చచ్చి కిందివి బతికితేనే, చంపింది మనం చేసిన పని అని తేలుతుంది. ఆ సోమవారం అది పై అర చూసి నాకు ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేశాక కింది అర చూసింది. అవి కూడా చచ్చి ఉన్నాయి. ఆ ద్రవం పాడవకుండా పెట్టెలోకి కార్బన్ డయాక్సైడ్ పంపే సిలిండరు సెలవుల్లో ఖాళీ అయిపోయిందట. ద్రవం ఎర్రగా లేదు, ఊదారంగుకి తిరిగి ఉంది. తలుపు తియ్యగానే తెలియాల్సిన సంగతి.

“గ్యాసు అయిపోయి చచ్చాయత్తా. మేం చేసినదానికి కాదు.”

ల్యాబు నడిపే మేడమ్‌కి ఆ పూటే చెప్పేసిందట. నాకు చెప్పడానికి మాత్రం ఇన్నాళ్ళూ నోరు రాలేదట. గాలి సరిగ్గా అందక అవస్థపడటం నా కణాలకీ తప్పలేదన్నమాట అని ఒక జోకు నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

“మళ్ళీ చెయ్యి అయితే,” అన్నాను.

చేస్తోందట. ఫ్రీజరులో దాచినవి కొన్ని ఉంటే తీసి పెంచుతోందట. ఆ మాట చెబుతూనే నన్ను ఎగాదిగా చూసి, కీమో పడినట్టు లేదు, చాలా నీరసించావు అంది. ఇప్పటికి రెండుసార్లు ఎక్కించి ఉంటారని దాని లెక్క.

“ఎక్కించుకోలేదు. నీ మందు కోసం ఆగాను.”

దాని ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆ ముఖం చూశాకే నేను చేసిన పని నాకు అర్థమైంది. ఇన్ని రోజులూ ఏమీ చెయ్యని డిష్ నేనే. నన్ను ఎవరూ అలా పెట్టలేదు. నాకు నేనే కింది అరలో కూర్చున్నాను.

ఆయన చేతిలో బైండింగు సూది బల్ల మీద పెట్టారు. “డాక్టరు జరిపాడన్నావు,” అన్నారు. ఆ ఒక్క ముక్కకే నేను తల ఎత్తలేకపోయాను. కోర్టు నడుస్తుండగానే షట్టరు దించి, ఆటో పిలిచారు.

డాక్టరు తిట్టలేదు. తిడితే బాగుండేది. స్కానింగు చూసి, పెరిగిందన్నాడు. నీరు తీశారు, మునుపటికంటే చాలా ఎక్కువ వచ్చింది. ఇప్పటికైనా మొదలుపెట్టవచ్చు, ఇంకా జరిగితే ఒళ్ళు తట్టుకోదు, బుధవారం రండి అన్నాడు. కాగితాల మీద సంతకం పెట్టాను. సంతకం పెట్టిన చెయ్యి ఒప్పుకుంది కానీ నేను ఒప్పుకోలేదు. పిల్ల మళ్ళీ చేస్తోంది కదా, ఈసారి సిలిండరు నిండుగా ఉంది కదా అని లోపల ఒకటే పోరు. బుధవారం దాకా పిల్ల మా ఇంట్లోనే ఉండి ల్యాబుకి వెళ్ళి వచ్చింది. ఏమైందని అడిగితే తిన్నావా, మాత్ర వేసుకున్నావా అని మాట మార్చింది. నేనూ గట్టిగా అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం.

కీమో ఎక్కించే గది పెద్దదే. గోడ పొడుగునా వెనక్కి వాలే కుర్చీలు, ప్రతి కుర్చీకీ ఒక స్టాండు, ఒక పలచటి తెర. కిటికీలోంచి బళ్ళు నిలిపే చోటు కనిపిస్తోంది. ఆయన మందుల కౌంటరు దగ్గర వరసలో ఉన్నారు. మేనకోడలు నా కుడిపక్క స్టూలు మీద కూర్చుంది. సిస్టరు ట్రే అంచుకి టేపు ముక్కలు కత్తిరించి అంటించుకుని, చేతికి పట్టీ కట్టబోయింది. నేను చెయ్యి లాగేసుకున్నాను. ఒక్క నిమిషం ఆగమ్మా అన్నాను. ఆవిడ ఇలాంటివాళ్ళని చాలామందిని చూసినట్టుంది, పక్క కుర్చీలో సెలైను సరిచూడటానికి వెళ్ళింది.

“మళ్ళీ చేసినవి ఏమయ్యాయే?” అని అడిగాను.

ఈసారి కింది అర ముందు చూసిందట. ఏమీ చెయ్యనివి డిష్ నిండా పెరిగాయి. పై అరలోవి చావలేదు, కానీ బాగా నెమ్మదించాయి. లామినేషన్ తీసేసరికి పెరగమని చెప్పే కాపీలు త్వరత్వరగా చిరిగిపోవడం కూడా కనిపించింది. తాము అనుకున్నది చాలావరకు నిజమే. ఇంకా రెండు మూడుసార్లు చేసి చూడాలి, వేరేవాళ్ళ కణాల్లో కూడా చూడాలి, ఆ తర్వాత ఎలుకల్లో, మనిషికి ఇవ్వగలిగే మందు అప్పుడు వెతకాలి. పాఠం అప్పజెబుతున్నట్టు గబగబా చెప్పుకుపోతోంది. నా వైపు చూడటం లేదు.

“అదంతా సరే. నాకు పనికొస్తుందా?”

అది తలెత్తి నన్ను చూసింది. ‘చూ’ అనబోయినట్టు పెదవులు సున్నాలా ముందుకొచ్చాయి. ఏ మాటకి అలా వచ్చాయో దాన్ని పెంచినదాన్ని, నాకు తెలుసు. ఆ మాట అంటే నేను కుర్చీ దిగి ఇంటికి వెళ్ళిపోతాను. దానికీ ఆ సంగతి తెలుసనుకుంటాను. పెదవులు మళ్ళీ వెనక్కి తీసుకుంది.

“రాదత్తా,” అంది. “ముందు ముందు ఎవరికైనా వస్తుందేమో. నీకు అందదు.”

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఏడుపు వచ్చింది, బాగా వచ్చింది. దాని చేతిలో మందు లేదు, ఇప్పుడే కాదు, నేను ఉండగా ఎప్పుడూ ఉండదు. అది నన్ను బతికించాలని నేను, నన్ను బతికించలేనని చెప్పలేక అది, ఇన్నాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు పీక్కుతిన్నాం. తనకీ కళ్ళు నిండాయి కానీ చూపు తిప్పుకోలేదు. నా కుడి చెయ్యి తీసుకుని గట్టిగా పట్టుకుంది.

సిస్టరు తిరిగి వచ్చింది. కుడి చేతి నరం బాగా కనిపిస్తోంది, అది ఇవ్వమంది. ఆ చెయ్యి ఖాళీగా లేదన్నాను. ఎడమ చెయ్యి చాపాను.